మన సముద్రంలో ఎవరున్నారు?

ముప్ఫై రెండేళ్ళు కావలిలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. తిమింగలం చేప కాదనీ, పిల్లకు పాలిస్తుందనీ, డాల్ఫిన్ ఊపిరి కోసం నీళ్ళపైకి రాక తప్పదనీ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని. మా ఇంటి నుంచి సముద్రం పట్టుమని పది కిలోమీటర్లు. ఆ పది కిలోమీటర్లూ వెళ్ళి, పడవెక్కి, ఒక్క డాల్ఫిన్‌ని కళ్ళారా చూసిన పాపాన పోలేదు. సముద్రమంటే మాకు మాఘ పౌర్ణమి స్నానం, వంజరం ముక్కలు, తుపాను హెచ్చరికలు. అంతే.

మొదటిసారి చూసింది ఎక్కడో తెలుసా? అమెరికాలో. రెండేళ్ళ కిందట వేసవిలో పెద్దమ్మాయి దగ్గరికి సియాటిల్ వెళ్ళినప్పుడు, అక్కడికి ఉత్తరాన ఉన్న శాన్ వాన్ దీవుల వైపు బోటులో తీసుకెళ్ళారు. జూలై నెలలో స్వెటరు మీద స్వెటరు వేసుకుని కూర్చున్నాం. గంటన్నర ఏమీ కనిపించలేదు. తర్వాత నీళ్ళలోంచి నల్లటి రెక్క ఒకటి లేచింది. లేస్తూనే ఉంది, ఎంతకీ ఆగదు. నిలువెత్తు మనిషంత! మగ ఓర్కా వెన్ను మీది రెక్క ఆరడుగుల దాకా పెరుగుతుందని చదివాను, పాఠంలో చెప్పాను కూడా. చెప్పడం వేరు, ఆ రెక్క పక్కన మన బోటు చిన్నబోవడం వేరు.

ఓర్కాను కిల్లర్ వేల్ అంటారు గానీ అది డాల్ఫిన్ల కుటుంబంలోదే, వాటన్నిటిలోకీ పెద్దది. ఆ సముద్రంలో రెండు రకాల ఓర్కాలు ఉంటాయి. ఒక రకం సాల్మన్ చేపలే తింటుంది, రెండో రకం సీల్ లాంటి జంతువుల్ని వేటాడుతుంది. ఒకే నీళ్ళలో తిరుగుతాయి, ఒకదాని జోలికి ఇంకొకటి పోదు, సంబంధాలు కలుపుకోవు. మేం చూసింది రెండో రకాన్ని. చేపలు తినే రకం జె, కె, ఎల్ అని మూడు కుటుంబాలు, మొత్తం కలిపి ఎనభైకి లోపే మిగిలాయి. ఒక్కొక్కదానికీ నంబరుంది, పేరుంది. రెక్క మీది గాట్లను బట్టి, దాని వెనకుండే బూడిదరంగు మచ్చను బట్టి ఎవరు ఎవరో అక్కడివాళ్ళు చెప్పేస్తారు. మా మనవరాలికి పదకొండేళ్ళు. వాళ్ళ బళ్ళో పిల్లలకు ఆ పేర్లన్నీ కంఠతా వచ్చు.

ఈ ఫిబ్రవరిలో మా చిన్నమ్మాయి పెళ్ళికి వాళ్ళు వచ్చారు. పెళ్ళి అయిపోయి, పందిరి విప్పేసి, చుట్టాలందరూ వెళ్ళాక ఓ సాయంత్రం ఆ పిల్ల నా పక్కన చేరి అడిగింది: "అమ్మమ్మా, మన సముద్రంలో ఎవరున్నారు?"

ఏమేం ఉన్నాయి అని అడగలేదు. ఎవరున్నారు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ అయిదు రోజుల ప్రయాణం.

మొదటి రోజు: మైపాడు

శివరాత్రి వెళ్ళిన రెండో రోజు, అమావాస్య. నెల్లూరు మీదుగా ఇందుకూరుపేట దాటి మైపాడు చేరేసరికి పదయింది. దారి పొడుగునా పెన్న నీళ్ళు పారే పచ్చటి వరి చేలు, ఆ తర్వాత కొబ్బరి చెట్లు, రొయ్యల గుంటల్లో గిరగిరా తిరిగే చక్రాలు.

సముద్రం మమ్మల్ని రానివ్వలేదు. అల ఒకదాని మీద ఒకటి విరిగి పడుతోంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయనను బోటు గురించి అడిగితే తల కూడా ఎత్తకుండా, "అమావాస్య పోటు మీదుండాది మేడం. మేమే పోలేదు, చంటిబిడ్డను ఎట్టా తీసకపోతాం?" అన్నాడు. పదకొండేళ్ళ పిల్ల ఆయన కళ్ళకు చంటిబిడ్డే. నాకా మాట నచ్చింది. డబ్బులిస్తామంటే కాదనకుండా ఎక్కించుకునేవాళ్ళతో కంటే ఇలా వద్దనేవాళ్ళతోనే సముద్రం మీదికి వెళ్ళాలి.

తడి ఇసుక మీద నడుచుకుంటూ వెళ్ళాం. అల వెనక్కి పోయిన ప్రతిసారీ గోరంత పీతలు ఇసుకలోకి దూరిపోతున్నాయి. పైన పావురం కంటే కాస్త పెద్దగా ఉండే తెల్లటి పక్షులు గుంపుగా తిరుగుతున్నాయి. బ్రౌన్ హెడెడ్ గల్స్ అంటారు. ఎండాకాలంలో లడఖ్, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లలు చేసుకుని, చలికాలం గడపడానికి మన తీరానికి దిగుతాయి. "అయితే ఇవి కూడా సెలవులకు వచ్చాయన్నమాట, నాలాగా" అంది మనవరాలు.

మధ్యాహ్నం తెలిసినవాళ్ళింట్లో మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు తిని, నెల్లూరులో మలైకాజా కొనుక్కుని ఇంటికి చేరాం.

రెండో రోజు: జువ్వలదిన్నె

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడిది జువ్వలదిన్నె. వాళ్ళ నాన్న నలభై ఏళ్ళుగా వేటకు వెళ్తున్న మనిషి. ఫోన్ చేస్తే, "టీచరమ్మ అడిగితే కాదంటానా, తెల్లారుజామున నాలుగుకల్లా రండి" అన్నాడు. బిట్రగుంట దాటి, బకింగ్‌హాం కాలువ దాటి, ఉప్పు గాలి ముఖానికి కొట్టేసరికి ఇంకా చీకటిగానే ఉంది. కొత్తగా కట్టిన హార్బరు దీపాలు వరసగా వెలుగుతున్నాయి.

లైఫ్ జాకెట్లు మేమే తెచ్చుకున్నాం. పెద్దాయన వాటిని చూసి నవ్వుతాడేమో అనుకున్నా. నవ్వలేదు. మనవరాలి జాకెట్టు తాళ్ళు రెండుసార్లు లాగి చూసి, మెడ దగ్గర ముడి తనే బిగించాడు.

ఫైబర్ బోటు. మధ్యలో ఇంజను, వెనక పొడుగాటి ఇనుప కడ్డీ చివర రెక్క, ముందు గుట్టగా వల, ఐసు పెట్టె, నీళ్ళ డబ్బా. డీజిలు వాసన, పాత చేపల వాసన కలిసి కడుపులో దేవినట్టయింది. ఒడ్డు దగ్గర నీళ్ళు మట్టి రంగు. అరగంట పోయాక పచ్చబడ్డాయి. ఇంకాస్త పోతే, పాలు విరిగినప్పుడు నీరు తేటపడినట్టు, ఒక గీత దగ్గర పచ్చదనం తెగి నీలం మొదలైంది. పెద్దాయన బరువు కట్టిన తాడు దించి, చేతులు చాపి బారలు లెక్కపెడుతూ పైకి లాగాడు. "పద్నాలుగు బారలు" అన్నాడు. బార అంటే ఆరడుగులు. ఎనభై నాలుగడుగుల లోతు మీద కూర్చున్నామన్న సంగతి మనవరాలికి చెప్పలేదు. తనే లెక్కగట్టి నాకు చెప్పింది.

రాత్రి వేసిన వల తీయడం మొదలుపెట్టారు. కానగంతలు ఒక్కొక్కటీ మెడ దగ్గర వలకు చిక్కి మెరుస్తూ పైకొస్తున్నాయి. వాటి మధ్య రెండు టేకు చేపలు, చిన్న సొర పిల్ల ఒకటి. ఉన్నట్టుండి పెద్దాయన కొడుకు "పిల్లా, కాళ్ళు పైకి!" అని అరిచాడు. వలలో బూడిదరంగు పాము. మూరన్నర ఉంటుంది. తోక అచ్చం తెడ్డులా పలచగా, నొక్కేసినట్టు ఉంది. ఈదడానికి అలా తయారైంది. ముక్కు చివర కిందికి వంగి కొక్కెంలా ఉంది. దాన్నిబట్టే గుర్తుపట్టాను, ప్రయోగశాలలో గాజు సీసాలో ఇరవై ఏళ్ళు నా బల్ల మీద ఉన్న పాము ఇదే జాతి. విషం నాగుపాముకంటే తీక్షణం. సీసాలో తెల్లగా పాలిపోయి ఉండేది. ఇక్కడ వెన్ను మీద నీలిబూడిద పట్టీలు, తడికి నిగనిగలాడుతూ. పెద్దాయన కర్రతో వలను విదిలించి, ఓపిగ్గా దాన్ని విడదీసి నీళ్ళలోకి జార్చాడు. చంపలేదు. "దాని వేట దానిది" అన్నాడు.

డాల్ఫిన్లు మాత్రం రాలేదు. తొమ్మిదింటిదాకా చూశాం. మనవరాలికి వాంతులయ్యాయి. నిమ్మకాయ వాసన చూపించి, దూరంగా కనబడే ఒడ్డు గీత మీదే చూపు నిలపమన్నాను. దిగులుగా అడిగింది: "అమ్మమ్మా, ఇక్కడ ఓర్కాలు రావా?"

నిజమే చెప్పాను. ఓర్కాలు అన్ని మహాసముద్రాల్లోనూ తిరుగుతాయి. అండమాన్ దగ్గర, లక్షద్వీప్‌లో, శ్రీలంక తీరాన అప్పుడప్పుడు కనబడ్డ దాఖలాలు ఉన్నాయి. ఇక్కడ చూస్తామని ఆశపడి రాకూడదు. వాటి దాయాదులు డాల్ఫిన్లు ఉన్నాయి, వాటి కోసం రావాలి. పెద్దాయన మా మాటలు విని, "కవళ్ళ గుంపు యాడుంటే అవి ఆడుంటాయమ్మా. నాలుగు దినాలుగా నీరు ఉత్తరానికి లాగతా ఉండాది. కవళ్ళు కొత్తపట్నం పక్కకు పోయుంటాయి. మా వియ్యంకుడు ఆడనే ఉండాడు, చెప్తాలే" అన్నాడు. కవళ్ళంటే సార్డిన్ చేపలు.

ఈ కాలంలో మన తీరం వెంబడి ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి మళ్ళుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఆయన పుస్తకం చదవలేదు. వలకు కట్టిన బెండు ఎటు కొట్టుకుపోతోందో చూశాడు.

మూడో రోజు: తుమ్మలపెంట, రాత్రి

జువ్వలదిన్నె నుంచి వచ్చి పగలంతా నిద్రపోయి, ఆ రాత్రే పదకొండుకు తుమ్మలపెంట చేరాం. సరుగుడు తోటల్లోంచి గాలి వీస్తుంటే ఎక్కడో వాన పడుతున్నట్టు చప్పుడు. తాబేళ్ళ గుడ్లకు కాపలా కాసే కుర్రాళ్ళు ఇద్దరు అటవీశాఖ అనుమతితో మమ్మల్ని వెంట తీసుకెళ్ళారు. టార్చిలైట్లు వద్దన్నారు. ఎర్ర కాగితం చుట్టిన చిన్న దీపం ఒక్కటే, అదీ అవసరమైతేనే. అమావాస్య వెళ్ళి రెండు రోజులే కాబట్టి చుక్కల వెలుగు తప్ప ఏమీ లేదు.

ముందు కనబడింది చచ్చిన తాబేలు. రాయనుకుని మనవరాలు దాని మీద చెయ్యి వేసింది. ఆలివ్ రిడ్లే, రెండడుగుల పైనున్న డిప్ప, కళ్ళు ఉబ్బి బయటికొచ్చాయి, మెడ వాచింది. ఒంటి మీద ఒక్క గాయం లేదు. అంటే నీళ్ళలో ఊపిరాడక పోయింది. తాబేలు మనలాగే గాలి పీల్చుకునే జీవి. మరబోటు గంటల తరబడి ఈడ్చే వలలో చిక్కితే పైకి రాలేదు. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందలకొద్దీ తాబేళ్ళు ఇలాగే కొట్టుకొచ్చిన వార్త మీరూ చదివే ఉంటారు. వలలోంచి తాబేలు బయటికి పోయేలా కిటికీ లాంటి అమరిక ఉంది. ఇనప చువ్వల చట్రం ఒకటి వలలో వాలుగా బిగిస్తారు, చేపలూ రొయ్యలూ చువ్వల మధ్య నుంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న కంత లోంచి బయటపడుతుంది. చేపలు కూడా కొన్ని పోతాయని చాలామంది బిగించరు. ఒడ్డుకు దగ్గర్లో మరబోట్లు వలలు ఈడ్వకూడదని మన రాష్ట్రంలో 1994 నుంచి చట్టం ఉంది. ఆ రాత్రి మేం చూస్తుండగానే, ఒడ్డు నుంచి కేక వేస్తే వినబడేంత దూరంలో రెండు మరబోట్ల దీపాలు కదులుతున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ తల్చుకుంటే మండుతుంది.

కాపలా కుర్రాడు ఆ కళేబరం డిప్ప మీద పెయింటుతో అడ్డంగా గీత గీశాడు. ఒకే దాన్ని రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉండడానికట. నోట్‌బుక్కులో కొలత రాసుకున్నాడు. మనవరాలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండింటప్పుడు ముందు నడుస్తున్న కుర్రాడు చెయ్యెత్తి ఆపాడు. నీళ్ళ నుంచి ఇసుక మీదికి ట్రాక్టరు పోయినట్టు జాడ. ఆ జాడ చివర ఆమె. వెనక కాళ్ళతో గొయ్యి తవ్వుతోంది. ఎడమ కాలిని గరిటెలా వంచి పిడికెడు ఇసుక తీసి పక్కన పెడుతుంది. వెంటనే కుడికాలితో చుట్టూ ఉన్న ఇసుకను విదిలిస్తుంది. మళ్ళీ కుడికాలు లోపలికి. చూడకుండా, తొందర లేకుండా, మూరెడు లోతు కూజా లాంటి గొయ్యి. గుడ్లు మొదలయ్యాక వెనకనుంచి దగ్గరికి వెళ్ళనిచ్చారు. పింగ్‌పాంగ్ బంతుల్లా తెల్లగా, తడిగా, రెండేసి మూడేసి జారుతున్నాయి. కంటి నుంచి చిక్కటి నీరు కారుతోంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అలా బయటికి పంపుతుందని మనవరాలి చెవిలో చెప్పాను. "తెలుసు, అయినా ఏడుస్తున్నట్టే ఉంది" అంది.

గొయ్యి పూడ్చాక ఒక పని చేసింది. అది నేనెప్పుడూ పాఠంలో చెప్పలేదు. ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ, డిప్ప అంచులతో ఇసుకను ధబ్ ధబ్ మని కొట్టి గట్టిపరిచింది. మా అమ్మ పొయ్యి అలికేటప్పుడు అరచేత్తో మట్టి చరిచే చప్పుడది. ఆ అదురు నా పాదాలకు తెలిసింది. రిడ్లే జాతి తాబేళ్ళు ఇలా చేస్తాయని తర్వాత చదువుకున్నాను.

ఆమె నీళ్ళలోకి వెళ్ళిపోయాక కుర్రాళ్ళు గుడ్లు తీసి లెక్కపెట్టారు, నూట ఎనిమిది. కుక్కలు, నక్కలు తవ్వేస్తాయి కాబట్టి కంచె వేసిన చోటికి తీసుకెళ్ళి, అంతే లోతున, అదే వరుసలో పూడ్చాలి. యాభై రోజులు అటూ ఇటుగా పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడెక్కువైతే ఆడవి, చల్లగా ఉంటే మగవి. పిల్లలు ఒడ్డు మీది వెలుగును చూసి దారి తప్పుతాయి. రాత్రిపూట సముద్రం మీద ఉండే సన్నటి వెలుగే వాటికి దిక్కు. మీ ఊరి బీచ్‌లో రిసార్టులుంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో సముద్రం వైపు దీపాలు ఆర్పమని దయచేసి అడగండి.

నాలుగో రోజు: కొత్తపట్నం

ముందురోజు సాయంత్రమే ఒంగోలు వచ్చి బంధువులింట్లో పడుకున్నాం. అయిదింటికి కొత్తపట్నం ఒడ్డున పెద్దాయన చెప్పిన వియ్యంకుడు గారు మా కోసం నిలబడి ఉన్నారు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ.

ఇక్కడ హార్బరు లేదు. ఇసుక మీదున్న బోటును ఎనిమిది మంది భుజాలతో నెట్టి నీళ్ళలో దించాలి. మమ్మల్ని ముందే ఎక్కించారు. మూడు వరసల అలలు విరుగుతున్నాయి. బోటును మొదటి వరసకు ఎదురుగా నిలిపి ఆయన ఊరికే చూస్తూ నిలబడ్డాడు. ఒక అల వచ్చింది, వెళ్ళనిచ్చాడు. రెండోది, అదీ వెళ్ళనిచ్చాడు. మూడోదాని వెనక కొంచెం సందు దొరికింది. ఒక్క అరుపు. ఇంజను, మనుషులు, బోటు ఒక్కసారి ముందుకు దూకాం. నీళ్ళు నెత్తి మీంచి పోయాయి. మనవరాలు కేరింతలు కొట్టింది. ఈసారి కడుపులో తిప్పలేదు.

ఆరున్నరకు సూర్యుడు నీళ్ళ మీదికొచ్చాడు. ఒడ్డు ఇంకా కనబడుతూనే ఉంది, ఆరేడు బారల లోతు. దూరంగా చిన్న తెల్ల పక్షులు పైనుంచి రాళ్ళలా నీళ్ళలో పడుతున్నాయి. ఆయన అటు చూపించి, "కవళ్ళు" అన్నాడు.

ముందు విన్నాను, తర్వాత చూశాను. ఎవరో అలిసిపోయి గట్టిగా ఊపిరి వదిలినట్టు "హ్‌ప్ఫ్" అని నా ఎడమ వైపు. తిరిగేసరికి నీళ్ళు మూసుకుపోతున్నాయి. మళ్ళీ. ఈసారి పొడుగాటి ముక్కు, ఆ వెనక బూడిదరంగు వీపు, వీపు మీద ఎద్దు మూపురం లాంటి ఎత్తు, ఆ ఎత్తు మీద చిన్న రెక్క. హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు. నడిసముద్రం వీటికి అక్కర్లేదు. ఒడ్డుకు దగ్గర్లో, ఏరు సముద్రంలో కలిసే చోట్ల, తక్కువ లోతులోనే బతుకుతాయి. గుండ్లకమ్మ సముద్రంలో కలిసేది ఇక్కడికి దగ్గర్లోనే.

నేను చెప్పకముందే ఆయన ఇంజను ఆపేశాడు. "శబ్దానికి పిల్ల బెదురుతాది" అన్నాడు. అప్పుడు చూశాం పిల్లను. తల్లి పక్కటెముకలకు ఆనుకుని, తల్లి లేచినప్పుడే లేస్తూ, ఊపిరి తీసుకోవడానికి తల మరీ ఎక్కువ పైకెత్తేస్తూ. ఇంకా ఆ విద్య పూర్తిగా పట్టుబడలేదు. ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి. చేపల గుంపును చుట్టి ఒకవైపుకు తోస్తున్నాయి. ఒకటి బోటుకు రెండు గజాల్లో పక్కకు ఒరిగి, ఒక కంటితో మమ్మల్ని చూసింది. చిన్న నల్లటి కన్ను. చూసి వెళ్ళిపోయింది. నా చేతులు వణికాయి. ఫోటో తీయాలన్న ధ్యాసే రాలేదు.

శాన్ వాన్ దీవుల దగ్గర, మేం వచ్చేశాక 2025 జనవరి నుంచి, ఆ చేపలు తినే ఓర్కాలకు వెయ్యి గజాల దూరంలోపు బోట్లు వెళ్ళకూడదని చట్టం చేశారు. బోట్ల రొదలో వాటికి వేట దొరకదు. అవి శబ్దం చేసి, దాని ప్రతిధ్వని విని చేపను కనిపెడతాయి. డాల్ఫిన్లదీ అదే పద్ధతి. ఇక్కడ మేమేమీ దగ్గరికి వెళ్ళలేదు, అవే వచ్చాయి, ఇంజను ఆగే ఉంది. మన దగ్గర తిమింగలాలు, డాల్ఫిన్లు అన్నీ 1972 వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటి వెంట బోటు పరిగెత్తించడం, చుట్టుముట్టడం, తిండి విసరడం ఎవరైనా చేస్తే వద్దనండి.

గుంపు కొంచెం దూరం జరిగాక ఆయన నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ రెక్క తెగిందాన్ని చూడండి టీచరమ్మా. ఆమెను ఏడేళ్ళుగా చూస్తా ఉండా. తెగరెక్క అంటాను. ఈ బిడ్డ ఆమెదే. దీనికి ముందు ఇంకో బిడ్డ ఉండె. అది నా వల్లోనే పోయింది."

ఎవరం ఏమీ అనలేదు.

"రాత్రి వేసిన వల. తెల్లారి తీస్తే బరువుగా వచ్చె. ఊపిరి లేదు. వల కోసి నీళ్ళలో వదిలినా. ఆమె వచ్చి ముక్కుతో దాన్ని పైకి నెట్టింది. మునగతా ఉంటే మళ్ళా నెట్టింది. రెండు దినాలు ఇదే నీళ్ళలో దాన్ని మోసుకుంటా తిరిగింది. నేను రెండు దినాలు వేటకు రాలా. వచ్చినా వల వెయ్యబుద్ధి కాలా."

సన్నటి ప్లాస్టిక్ దారం వల డాల్ఫిన్ చేసే శబ్దానికి సరిగా ప్రతిధ్వనించదు. చేప తెలుస్తుంది గానీ చేప చుట్టూ ఉన్న వల తెలియదు. ఆ మాట ఆయనకు చెప్పాను, ఆయన తప్పు కాదని చెప్పడానికి. ఆయన తలూపాడు గానీ ఊరట పడలేదు.

అప్పుడు మనవరాలు, వచ్చీరాని తెలుగులో, జె35 కథ చెప్పింది. అది ఓర్కా తల్లి. 2018లో బిడ్డ పుట్టిన కాసేపటికే పోయింది. తల్లి ఆ బిడ్డను తల మీద, ముక్కు మీద మోస్తూ పదిహేడు రోజులు, పదహారు వందల కిలోమీటర్లు ఈదింది. ప్రపంచమంతా ఆమెను చూసింది.

"పదిహేడు దినాలా?" అన్నాడాయన.

"పదిహేడు."

"తిండి?"

"ఫ్యామిలీ వాళ్ళు దగ్గరే ఉన్నారు తాతా. వదిలిపెట్టలేదు."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత తనే అడిగాడు, ఓర్కాల ఇంటి సంగతి ఇంకా చెప్పమని. ఈసారి నేను అందుకున్నాను. ఆ చేపలు తినే రకంలో కొడుకులూ కూతుళ్ళూ జీవితాంతం తల్లిని వదలరు. గుంపుకు పెద్ద ముసలి ఆడది. కాన్పులు ఆగిపోయాక కూడా దశాబ్దాలు బతుకుతుంది. జంతువుల్లో ఇది చాలా అరుదు, మనుషులకూ కొన్ని తిమింగల జాతులకూ తప్ప దాదాపు ఎవరికీ లేదు. చేప కరువైన ఏడు ఆ ముసలామే ముందుండి నడిపిస్తుంది. అమ్మమ్మ బతికున్న పిల్లలు నిలిచే అవకాశం ఎక్కువ.

"అంతే గదా మరి. కరువులో ఏ గుంటలో చేప ఉంటాదో మా అవ్వకే తెలిసేది" అన్నాడు, అందులో వింతేమీ లేనట్టు.

మనవరాలు సంచిలోంచి నోట్‌బుక్కు తీసింది. తెగరెక్క లేచిన ప్రతిసారీ చూసి గీస్తోంది, పై అంచుకు కొంచెం కింద, వెనకవైపు, అర్ధచంద్రంలా కొరికినట్టున్న గాటు. "కరెక్టేనా తాతా?" అని చూపిస్తే ఆయన పెన్ను తీసుకుని ఆ గాటు కింద ఇంకో చిన్న గాటు పెట్టాడు. మాకది కనబడలేదు. తర్వాత అది లేచినప్పుడు ముగ్గురం కళ్ళు చిట్లించి చూశాం. ఉంది.

అలా ఆ గంటలో నాలుగింటిని రాసుకున్నాం. తెగరెక్క. దాని బిడ్డ. వీపు మీద తెల్లటి గీతలున్న పెద్దది, ఆయన మాటల్లో "గీతలోడు". ముక్కు చివర గులాబీ రంగు తిరిగిన ఇంకొకటి, దానికి మనవరాలే "మందారం" అని పేరు పెట్టింది. అమెరికాలో ఒక సంస్థ యాభై ఏళ్ళుగా ఫోటోలు తీసి చేస్తున్న పనిని ఇక్కడ ఒక మనిషి కాగితం లేకుండా, ఎవరూ అడగకుండా, తలలో పెట్టుకుని చేస్తున్నాడు. నేను ముప్ఫై రెండేళ్ళు పక్క ఊళ్ళో పాఠం చెప్పాను. ఈయన్ను ఒక్కసారి క్లాసుకు పిలిచి ఉంటే ఎంత బాగుండేది!

ఎనిమిదిన్నరకు కవళ్ళ గుంపు లోపలికి జరిగింది, వాటి వెంట ఇవీ. చివరిసారి పిల్ల తలెత్తినప్పుడు మరీ అంత పైకెత్తలేదు. అలా నాకనిపించిందేమో కూడా.

అయిదో రోజు: మళ్ళీ అక్కడే

పొద్దున గాలి ఎక్కువగా ఉంది, బోటు దించలేదు. వియ్యంకుడు గారింట్లో టీ తాగాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అరవై ఒక్క రోజులు. ఆ రోజుల్లో ఒడ్డున కూర్చునే చూస్తానన్నాడు, ఒక్కోసారి అలలు విరిగే చోటిదాకా వస్తాయట. ఇప్పుడు వల వేస్తే రాత్రంతా వదిలెయ్యడం లేదనీ, దగ్గరే కాపలా ఉంటున్నాననీ చెప్పాడు. దాంతో డీజిలు ఖర్చు ఎక్కువవుతుంది, నిద్ర ఉండదు, చేప తక్కువ పడుతుంది. ఆ సంగతి ఆయన చెప్పలేదు, ఆయన కోడలు చెప్పింది.

మనవరాలు నోట్‌బుక్కులోంచి ఆ నాలుగు బొమ్మలున్న కాగితాన్ని జాగ్రత్తగా చించి, ఇంకో కాగితం మీద తన కోసం మళ్ళీ గీసుకుని, మొదటిది ఆయనకిచ్చింది. కింద ఖాళీ వదిలింది, కొత్తవి కనబడితే గీయడానికి. ఆయన దాన్ని రెండుసార్లు చూసి, నాలుగు మడతలు పెట్టి, మత్స్యకారుల గుర్తింపు కార్డు తడవకుండా దాచుకునే ప్లాస్టిక్ కవర్లో కార్డు వెనకాల పెట్టుకున్నాడు. కవరు మూతి రబ్బరు బ్యాండుతో కట్టి జేబులో వేసుకుని, "పెన్ను కూడా ఇయ్యి తల్లీ" అని చెయ్యి చాపాడు.